పడుకోబెట్టిన బండలు

చిన్న సంగతే, టీ చల్లారేలోపు అయిపోతుంది. ఆమధ్య యూనివర్సిటీకి తీసుకుపోతూ నేను బండలు పగలగొట్టాను. అంతే.

అయితే ముందు మా సుభద్ర మేడం గురించి చెప్పాలి. మా ఊళ్ళలో పనిచేసే స్వచ్ఛంద సంస్థకు ఆమే పెద్ద. కొత్త వ్యాపారం పెట్టేవాళ్ళకు గది, మెషిన్లు, సలహాలు ఇచ్చే యూనివర్సిటీ ఇంక్యుబేటర్‌కూ ఆమే పెద్ద. రెండు కుర్చీలున్నా ఒక్కదాంట్లోనూ కూర్చోగా ఎవరూ చూడలేదు. నడుస్తూనే తింటుంది, నడుస్తూనే తిడుతుంది. నెలకో జత చెప్పులు అరగదీస్తుందని డ్రైవర్ మస్తానప్ప అంటాడు. మస్తానప్ప మాట నమ్మకూడదనుకోండి, తన వయసు కూడా మనిషికో రకంగా చెప్తాడు.

ఆ, బండలు.

బేతంచెర్ల ఓబుళమ్మక్క ఇరవై ఏళ్ళుగా బండల పాలిష్ ఫ్యాక్టరీలో కూలీ. అక్కడ పారేసిన ముక్కలతో చిన్న చిన్న టేబుళ్ళు చేస్తుంది. ఇంక్యుబేటర్‌లో ఒకే ఒక్క గది ఖాళీ ఉంది. అది దొరికితే సొంత పని, లేకుంటే మళ్ళీ ఆ దుమ్ములోకే. దగ్గు అప్పటికే పట్టుకుంది. ఓబుళమ్మక్క తన సంస్థ సాయం చేస్తున్న మనిషి కాబట్టి, గది ఎవరికన్న నిర్ణయంలో మేడం తలదూర్చదు. టేబుళ్ళ మీద వేసే ఐదు నమూనా బండలు జాగ్రత్తగా తెచ్చే పని మాత్రం, సంస్థలో తన కింద పనిచేసే నాకు అప్పజెప్పింది.

నేను పత్తి చేలలో పెరిగినదాన్ని. జీపు వెనక బండలు నిలబెట్టి ఉంటే, పాపం దారంతా నిలబడే రావాలా అనిపించింది. పడుకోబెట్టాను. వాటి మీద శెనక్కాయల మూట పెట్టి, మూట మీద నేను కూర్చున్నాను. దారిలో గుంతలన్నీ లెక్కపెట్టుకుంటూ వచ్చాం.

ముందు సీట్లో వచ్చిన ఓబుళమ్మక్క యూనివర్సిటీలో దిగాక చూసింది. "వీటిని పండబెట్టింది ఎవరు?"

"నేనేక్కా. కుదురుగా ఉంటాయని."

"బండను నిలబెట్టే తీసుకపోవల్ల. పండబెడితే నడుం ఇరుగుతాది. మా ఊర్లో పసిపిల్లోల్లకు గూడా తెలుసు."

చూస్తే ఒక్క గీత లేదు. అద్దాల్లా ఉన్నాయి. "బాగానే ఉండాయి గదక్కా" అన్నాను. 

హాల్లో నిర్ణయించే సారు టై కట్టుకుని వచ్చాడు. ఆ ఎండల్లో టై. ఆయన మెడ ఏ పాపం చేసిందో. బండల మీద చెయ్యి తిప్పి, "ఐదూ ఫస్ట్ క్వాలిటీ" అని రాసుకోబోయాడు. నేను ఊపిరి వదిలాను.

"రాయొద్దు సారూ" అంది ఓబుళమ్మక్క.

వేలి కణుపుతో ఒక్కో బండను కొట్టి, చెవి పెట్టి విన్నది. "ఇది బాగుండాది. ఇది పోయింది. ఇదీ పోయింది. ఇది బాగుండాది. ఇది మూలకాడ పోయింది, జానెడు."

"నాకేం కనిపించడం లేదే" అన్నాడు సారు.

ఆమె వాటర్ బాటిల్ అడిగి బండల మీద నీళ్ళు పోసి, గుడ్డతో తుడిచింది. రాయి ఆరింది. మూడింటి మీద మాత్రం వెంట్రుకంత తడి గీత మిగిలింది. చివరి బండ మూల గీతను సారు తన చేత్తోనే కొలిచాడు. జానెడు.

హాలంతా చదువుకున్నవాళ్ళే, ఒక్కరూ ఫోన్ ముట్టుకోలేదు. సుభద్ర మేడం దగ్గర్లో ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చెప్పకుంటే మాకు తెలిసేది కాదు కదమ్మా" అన్నాడు సారు.

"మీకు తెల్దు. నాకు తెలుసు గదా సారూ."

ఎలా పగిలాయో అడిగితే, "దావలో, గుంతలకు" అంది. నా వైపు చూడలేదు.

గది ఓబుళమ్మక్కకే వచ్చింది. టేబుళ్ళకు కాదు, లారీకి ఎక్కేముందు బండల్లో పగుళ్ళు కనిపెట్టే పనికి. ఇప్పుడు ఫ్యాక్టరీల వాళ్ళు బండలు చూసిపొమ్మని ఆమెకు కబురు పంపుతున్నారు. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఆమె దగ్గర రాయిని వినడం నేర్చుకుంటున్నారు. మేడం నన్నూ పంపింది. నాలుగిళ్ళ అవతల మొగుడూ పెళ్ళాల గుసగుసలు కూడా వినిపించే చెవులు నావి, నేనే ఫస్ట్ అనుకున్నాను.

పోయిన వారం ఓబుళమ్మక్క పరీక్ష పెట్టింది. అందరూ పాసయ్యారు, నేను తప్ప.