చెత్త ఆటో ఎనుక ఉస్త్రా పట్టుకొని

మొన్న ఆదివారం పొద్దుగాల లాలాగూడల ఒక మనిషి లుంగీ, బనీన్ మీద, చేతిల తెరిచిన ఉస్త్రా పట్టుకొని చెత్త ఆటో ఎనుక ఉరికిండట, మీ దాక వచ్చిందా ముచ్చట? మా కాలనీ వాట్సాప్ గ్రూపుల ఫొటో సుత పెట్టిన్రు. మొఖం జెర మసకగ వచ్చింది, దేవుని దయ. ఆ మనిషి నేనే!

ఆగుండ్రి, నవ్వకుండ్రి. మొదటి సంది చెప్త.

మా ఇంటిల్లిపాదికి ఒక పిచ్చి ఉన్నది. పాత ఉస్త్రాలు బాగుచేస్తం. అదే, ఎనుకట గడ్డం గీసే కత్తి ఉంటుండె గదా, మడిస్తే పిడిలకు పోయేది. మా నాయిన రైల్వే వర్క్‌షాపుల ఫిట్టర్‌గ చేసి రిటైరైండు. ఇంట్ల ఊకె కూసునుడు ఆయనతోని కాలే. ఒకరోజు జుమ్మేరాత్ బజార్ల, పాత సామాన్లు అమ్మేకాడ, తుప్పు పట్టిన ఉస్త్రా కొని తెచ్చి సానరాయి మీద పెట్టిండు. గంతే, షురూ! ఇప్పుడు తుప్పు తీసుడు, పదును పెట్టుడు నాయిన పని. కట్టె కోసి కొత్త పిడి చెక్కుడు నా భార్య కవితది. బ్యాంకుల క్యాషియరే గానీ సన్న రంపం పట్టిందంటే చూడాలె. శాండ్‌పేపర్ కొట్టి నున్నగ చేసుడు మా బిడ్డ సాహితిది.

మరి నేనా? నేను చెక్కిన మొదటి పిడి బ్లేడు కన్న పొట్టిగ వచ్చింది. మడిస్తే కొస బయటకు తొంగి చూస్తుండె. అప్పటి సంది నాకు రెండే డ్యూటీలు: తయారైన ఉస్త్రాను తోలు పట్టీ మీద ఆడించి మెరిపించుడు, పనంతా అయినంక ఊడ్చుడు.

ఆ ఊడ్చుడు కాడనే కొంప మునిగింది.

కవితకు పెద్దనాయిన ఒకాయన ఉన్నడు, తిరుమలగిరిల ఉంటడు. నాకు పెద్దమామ. లెక్కల సారుగ చేసి రిటైరైండు. అవసరం లేని మాట ఒక్కటి మాట్లాడడు. ఆయన పోయిన నెల వాళ్ల నాయిన వాడిన ఉస్త్రాను చేతిరుమాల్ల చుట్టి తెచ్చిండు.

“అల్లుడా, దీన్ని జెర మంచిగ చెయ్యాలె. బ్లేడు ఎట్లున్నా...”

“మీరు పరేషాన్ కాకుండ్రి మామా! కొత్తదాని లెక్క చేసి ఇస్తం!” అని నేను మాట మధ్యల్నే చేతిలకెల్లి తీస్కున్న. ఆయన ఇంకేదో చెప్పబోయి, నా హుషారు చూసి ఊకున్నడు.

ఇగ ఆ పాత పిడి ఉన్నది చూడుండ్రి... నల్లగ, వంకర టింకర. రెండు చెక్కలల్ల ఒకటి లావు, ఒకటి సన్నం. పైన దారం చుట్టి ఉన్నది. చేతగానోడెవడో చెక్కిండు అనుకున్న. ఈ విషయంల నాకు అనుభవం ఉన్నది గదా! కవిత దాన్ని ఊడదీసి కిటికీల కాయితం మీద పెట్టింది. నాలుగు రోజులు కూసోని రోజ్‌వుడ్ పిడి చేసింది. అద్దం లెక్క! శనివారం సాయంత్రం పనైపోయింది. నేను మస్తు శ్రద్ధగ ఇల్లంతా ఊడ్చిన. పొట్టు, ముక్కలు, కిటికీల ఉన్న కాయితం... అన్నీ చెత్తకు పెట్టిన బట్టల షాపు సంచిల.

ఆదివారం ఎనిమిదింటికి చెత్త ఆటో పాట పెట్టుకుంట వచ్చింది, మా సంచి ఏస్కొని పోయింది. నేను ఉస్త్రాను తోలు పట్టీ మీద ఆడిస్తున్న. అంతల కవిత ఫోన్ మోగింది. పెద్దమామ. ఆమె స్పీకర్ల పెట్టింది.

“బిడ్డా, పదింటికి వస్తున్న. పిడి పైలంగ ఉన్నదా? మా నాయిన తన చేతులతోని చెక్కిండు దాన్ని. ఆయన చేసిన వస్తువు ఇంట్ల ఇంకొకటి లేదు. బ్లేడుదేమున్నది, పోతే పోనీ.”

కవిత కిటికీ దిక్కు చూసింది. కిటికీ మస్తు సాఫ్‌గ ఉన్నది. తర్వాత నా దిక్కు చూసింది.

నేను చెప్పులు సుత ఏస్కోలే. ఉరికిన!

ఇప్పుడు మీకు ఇంకో ముచ్చట చెప్పాలె. ఆటో డ్రైవర్ యాదగిరితోని నాకు శనివారమే పెద్ద లొల్లి అయ్యింది. తడి చెత్త, పొడి చెత్త కలిపి ఏస్తున్నవని ఆయన, నీ మీద కంప్లైంట్ ఇస్త, నీ సంగతి చూస్త అని నేను. ఇగ తెల్లారి ఆయన అద్దంల చూస్తే ఏం కనబడాలె? చేతిల ఉస్త్రా తళతళ మెరుస్తుంటే “ఆపు! ఆపురా!” అని మొత్తుకుంట వస్తున్న నేను!

ఆపుతడా? స్పీడు పెంచిండు.

నేను సుత పెంచిన. పాల ప్యాకెట్ తెస్తున్న ఆంటీ ఒకామె ఎవరింట్లకో చొరబడి తలుపేసుకున్నది. టిఫిన్ బండి కాడ ఇడ్లీ తింటున్నాయన ప్లేటు పట్టుకొనే బండి ఎనుకకు పోయిండు. నాకు ఒక్కటి అర్థమైతలేదు, ఏందీ, ఇయ్యాల నాకు అందరు ఇంత దారి ఇస్తున్నరు?

మలుపుల నీళ్ల ట్యాంకర్ అడ్డం నిలబడి ఉన్నది. ఆటో ఆగింది. యాదగిరి దిగి రెండు చేతులు పైకెత్తిండు.

“అన్నా! తడిది పొడిది కలిపే ఎయ్యి! జిందగీల ఏమనను! పిల్లలున్నోన్ని!”

అప్పుడు చూసుకున్న నా చేతి దిక్కు. గబుక్కున ఉస్త్రాను మడిచిన. “అయ్యో తమ్మీ, నీ కోసం గాదు, కట్టె ముక్క కోసం!” అన్న. ఆయనకు భయం ఇంకా ఎక్కువైంది. మనిషికి పిచ్చి లేసిందనుకున్నడు. అంతల సాహితి సైకిల్ మీద వచ్చి, నా చేతిలకెల్లి ఉస్త్రా తీస్కొని, “అంకుల్, మా డాడీ మంచోడే,” అని సర్టిఫికెట్ ఇస్తే అప్పుడు చేతులు దించిండు.

ఇగ దేవుకుడు షురూ. ఆటోల నడుముల దాక దిగిన. చుట్టూ జనం, ఫోన్లు. మా బట్టల షాపు సంచి అన్నిటికన్న అడుగున దొరికింది. ఒక చెక్క రంపపు పొట్టులనే ఉన్నది. రెండోది యాదగిరి దొరకబట్టిండు, మేము శుక్రవారం వండిన ఎండుచాపల పులుసుల. తడి చెత్త, పొడి చెత్త కలిపితే ఏమైతదో ఆయన నాకు నోటితోని చెప్పలే. పులుసు కారుతున్న చెక్కను నా చేతుల పెట్టిండు.

ఇంటికి వస్తే నాయిన గేటు కాడనే నిలబడ్డడు. “రైలు ఇంజిన్లు విప్పినం రా మేము. ఒక్క బోల్టు సుత అడుగకుండ పారెయ్యలే!” అన్నడు. చెక్కలను సబ్బుతోని మూడుసార్లు కడిగినం. కవిత హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఆరబెట్టింది. రోజ్‌వుడ్ పిడిని తన చేతులతోనే ఊడదీసింది పాపం, నన్ను ఒక్క మాట అనలే. అంటే బాగుండు. నాయిన ఇత్తడి మేకులు కొట్టి, పాత పిడిని బిగించి, దారం చుట్టి ఇచ్చేసరికి పది కావస్తున్నది.

పెద్దమామ సరిగ్గ పదింటికి వచ్చిండు. ఉస్త్రాను చేతిల పట్టుకొని మెల్లగ నిమిరిండు. తెరిచిండు, మడిచిండు. తర్వాత ముక్కు కాడ పెట్టుకున్నడు.

నేను రెండడుగులు ఎనుకకు జరిగిన.

ఆయన కండ్లు మూసుకున్నడు. నీళ్లు కారినయ్.

“అదే వాసన,” అన్నడు. “మా నాయినకు ఎండుచాపలంటే పాణం. తిన్నంక ఎన్నిసార్లు కడిగినా చేతులు గట్లనే వాసనొస్తుండె. ఇన్నేండ్లయినా పిడిల అట్లనే ఉన్నది చూడు బిడ్డా!”

కవిత చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్లకు ఉరికింది. సాహితి సుత తల్లి ఎనుకనే పోయింది. పాపం ఏడుస్తున్నరనుకున్నడు పెద్దమామ. నాయిన ఫ్యాను దిక్కు చూసుకుంట కూసున్నడు.

“అల్లుడా, కొత్తదాని లెక్క చేస్త అన్ననాడు నాకు భయమైంది,” అన్నడు ఆయన నా దిక్కు తిరిగి. “కానీ ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడినవ్. నీ అంత పైలమైన మనిషిని నేను చూడలే. ఏదీ, నీ చేతులు ఇటియ్యి, కండ్లకు అద్దుకుంట.”

నేను రెండు చేతులు ఎనుకకు పెట్టుకున్న. అరగంట సేపు రుద్దినా వాటి నుంచి ఇంకా వాళ్ల నాయిన వాసనే వస్తున్నది మరి!