పిల్లను చూడబోయి పులుసు చూశాను

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా నిలబెడితే ఆ వరస మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా వస్తుంది. అందులో అన్నింటికన్నా ముందు నిలబడేదాన్ని ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికే నవ్వి నవ్వి అలసిపోయారు.

తొంభైల చివర్లో మాట. నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ స్టోర్స్‌లో గుమాస్తాను. మూడేళ్ల క్యాంటీన్ తిండికి ఎనభై ఎనిమిది కిలోలు తూగుతున్నాను. అప్పుడే శామీర్‌పేట సంబంధం వచ్చింది. పిల్ల పేరు సుజాత, డిగ్రీ చదివింది. ఫోటో చూడగానే నచ్చింది. ఎంత నచ్చిందో నాయినకు చెప్పడానికి సిగ్గేసింది. చిక్కల్లా ఏమిటంటే, నాయిన వాళ్లకు పంపిన నా ఫోటో ఎప్పుడో కాలేజీలో చేరినప్పటిది. అందులో నేను చీపురుపుల్లలా ఉంటాను. చూపులకు మూడు వారాలే గడువు. ఆలోపు నేను ఎలాగైనా ఆ ఫోటోలోకి దూరాలి.

అందుకు నేను కనిపెట్టిన మార్గం తిండి మానేయడం. పొద్దున నిమ్మకాయ నీళ్లు, మధ్యాహ్నం గ్లాసెడు మజ్జిగ, రాత్రి ఒక అరటిపండు. ఆకలేస్తే పగవాడు గుమ్మంలో నిలబడ్డట్టు పళ్లు బిగించి కూర్చునేవాణ్ణి. మా అవ్వ మొదటిరోజే హెచ్చరించింది.

"ఆకలి కుక్క లెక్క బిడ్డా. యాళ్లకింత ఏస్తే మూలకు పంటది. మాడవెట్టినవనుకో, ఎవలింట్ల వడితే ఆళ్లింట్ల సొరవడ్తది."

"నీకు తెల్వదవ్వా, గిది డైటింగ్!"

మూడు వారాల్లో ఆరు కిలోలు తగ్గాను. బుద్ధి ఎంత తగ్గిందో తూచే కాటా ఎక్కడా దొరకలేదు. చూపుల రోజున పొట్ట కనబడకూడదని మజ్జిగ కూడా మానేశాను. బస్టాండులో నాయిన నన్ను పక్కకు పిలిచాడు.

"మంచిగ ఇను. మిఠాయి వెడితే ఒక ముక్క తిను, చాయ్ తాగు. అన్నం మాత్రం ముట్టకు. మాట ఖాయం గాకముందు తింటే ఒప్పుకున్నట్టే. నేనింకా నలుగురిని అడిగి తెలుసుకోవాలె."

"గంత మాత్రం తెల్వదా నాయినా?"

తెలుసు. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. పిల్ల తరఫువాళ్లు మర్యాదకు అన్నం తినమంటారు, వచ్చినవాళ్లు మర్యాదకు వద్దంటారు. ఇలా మూడుసార్లయ్యాక లేచి చెప్పులు వేసుకోవాలి.

బస్సు సతాయించి, మేం వాళ్లింటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. పైగా ఆదివారం. లోపల చేపల పులుసు ఉడుకుతోంది. సుజాత వాళ్ల నాయిన నా ఉద్యోగం గురించి ఏదో అడిగాడు. నేనేదో చెప్పాను. నా చెవులు రెండూ వంటింట్లో ఉన్నాయి. ఇంతలో వాళ్లమ్మ బయటికి వచ్చింది.

"ఎండల వడి వచ్చిండ్రు. ఇంత తినిపోండ్రి అన్నా."

"వద్దు చెల్లే, ఇంట్ల తినే ఎల్లినం," అన్నాడు నాయిన.

"ఒక్క ముద్ద..."

"తింట అత్తమ్మా!"

ఆ గొంతు ఎవరిదా అని అందరితోపాటు నేనూ చుట్టూ చూశాను. నాదే.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. నా ఆకలి రుచిని బాగానే ఎరిగింది, సిగ్గునే ఎరగలేదు. నాయిన మోకాలితో పొడుస్తున్నాడు. నేను ముల్లు తీసి పక్కన పెట్టి మళ్లీ కలుపుతున్నాను. గాజుల చెయ్యి ఒకటి నాలుగుసార్లు వచ్చి వడ్డించింది.

నేను చెయ్యి కడుక్కోగానే సుజాత వాళ్ల నాయిన తువ్వాలు అందించాడు. "పిలగాడు ముద్ద ముట్టిండు. ఇగ ఖాయమైనట్టే గద బావా?"

నాయిన నా వైపు కొరకొరా చూశాడు. నాకు మాత్రం లోలోపల పండగే. అప్పుడు తలుపు చాటు నుంచి సుజాత పిలిచింది.

"నాయినా, ఒక్క మాట. ఆయన నన్ను జూడనే లేదు."

"అదేంది బిడ్డా? నువ్వే గద ఒడ్డించినవు!"

"నాలుగుసార్లు ఒడ్డించిన. గిన్నె దిక్కే జూసిండు. నా చీరె రంగేందో చెప్పుమను."

అందరూ నా వైపు తిరిగారు. నా బుర్రలో ఒకే ఒక్క రంగుంది.

"ఎరుపు," అన్నాను. అది చాలదేమోనని, "ఎర్రగ... మీద నూనె తేలుకుంట," అని కూడా చేర్చాను.

చీర ఆకుపచ్చదట. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఎవరికోసం మూడు వారాలు కడుపు మాడ్చుకున్నానో ఆ మనిషి నాలుగుసార్లు ఎదురుగా వచ్చి నిలబడితే నేను తలెత్తి చూడలేదు. నాయిన చెప్పులు వేసుకుంటున్నాడు. ఈ సంబంధం పోయిందనుకున్నాను.

"వచ్చే ఐతారం మల్ల రమ్మను నాయినా," అంది సుజాత లోపలి నుంచి. "నేను గూడ అప్పుడే చెప్త. గాని ఈసారి ఇంట్ల తిని రమ్మను."

తినే వెళ్లాను. అవ్వ దగ్గర కూర్చుని రెండు జొన్నరొట్టెలు తాపీగా నమిలి మరీ వెళ్లాను. తలెత్తి చూశాను. ఆమె కూడా చూసింది, సరే అంది.

కాబట్టి పెద్దలారా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ ఖాళీ కడుపుతో పెళ్లిచూపులకు వెళ్లను. నిండు కడుపుతోనైతే వెళ్లొచ్చా అని సుజాతను అడిగాను. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.