అత్త కంచంలో పందిమాంసం

మా అత్తది కోస్తా. కాలువ నీళ్లొచ్చిన కొత్తలో వాళ్ల వాళ్లు బళ్లారి జిల్లాకు వచ్చి, వరి పొలాల మధ్య క్యాంపు వేసుకుని స్థిరపడ్డారు. ఆమె ఇక్కడే ముసలిదైంది గానీ మాట మారలేదు, తిండి మారలేదు. కోడి తినేది, మేక తినేది. పంది మాట ఎత్తితే మాత్రం ముఖం పక్కకు తిప్పుకునేది.

నేను ఈ నేల మనిషిని. మా తాత, నాయన ఇక్కడే కూలి చేసుకుని బతికారు. మా పుట్టింట్లో మాంసం అంటే పందిమాంసమే. ఆమె కొడుకు నన్ను ఇష్టపడి చేసుకున్నప్పుడు ఆమె పెద్దగా గొడవ చేయలేదు. ఒకటే మాట చెప్పింది: "నీ తిండి నీ ఇష్టం. అది మాత్రం నా గడప దాటి లోపలికి రాకూడదు."

అందుకే నేను పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని వండుకునేదాన్ని. ఆయన కూడా అక్కడే కూర్చుని తిని, పళ్లు తోముకుని లోపలికి వెళ్లేవాడు.

కాలువ గట్టు మీద ట్రాక్టర్ తిరగబడి ఆయన పోయాడు. మాకు పిల్లలు లేరు. కౌలు భూమి ఇంకొకరికి వెళ్లింది. అత్తా కోడళ్లం ఇద్దరం బళ్లారికి వచ్చి సత్యనారాయణపేటలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. జీన్స్ ప్యాంట్లు కుట్టేచోట దారాలు కత్తిరించే పనికి నేను పోతున్నాను. పని ఒక వారం ఉంటుంది, ఒక వారం ఉండదు. మేకమాంసం కొనే రోజులు పోయాయి. పందిమాంసం చవక, పైగా ఒకసారి వండితే వారమంతా ఏదో ఒక రూపంలో నడుస్తుంది. ఇక్కడ కూడా అత్త అదే కట్టుబాటు పెట్టింది. వెనక బట్టలుతికే బండ పక్కన నా పొయ్యి.

ఆమెకు ఒక ఆశ ఉండేది. కొడుకు దినాలప్పుడు ఆమె తమ్ముడు చేతులు పట్టుకుని, "క్యాంపులో ఇల్లు కడతన్నానక్కా. పూర్తికాగానే వచ్చి తీసుకెళ్తా, నీకో గది" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె మంచి చీరలు ఒక సంచిలో సర్ది పెట్టుకుంది. నేను మాంసం వండిన ప్రతిసారీ కిటికీ మూస్తూ, "మా తమ్ముడు వచ్చేదాకేలే ఈ కంపు" అనేది. నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని. కొన్నిసార్లు పైకే, "పోదువులే అత్తా, అంత తొందరేంది" అనేదాన్ని.

ఈ మధ్య ఒక ఆదివారం పొద్దున సంగనకల్లు దారిలో ఉన్న మాంసం అంగడికి వెళ్లాను. అంగడాయన నన్ను చూడగానే భుజం ముక్క తీశాడు.

"తొడ వద్దులేక్కా, రేటు జాస్తి. ఇది చూడు, తోలు ఉండాది, కొవ్వు ఉండాది, ఎముక ఉండాది. ఏదీ పారేసే పని లేదు."

"కొవ్వు తీసేయొద్దప్పా, అట్నే ఇయ్యి" అన్నాను.

ఇంటికి వచ్చి తోలును కత్తితో గీకి, పసుపు పూసి కడిగాను. తోలు మీద అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టాను. వెల్లుల్లి, ధనియాలు, మిరియాలు, నానబెట్టిన బ్యాడిగి మిరపకాయలు, ఉప్పు కలిపి నూరి, ఆ గాట్లలోకి దిగేట్టు వేళ్లతో నొక్కాను. మందపాటి గిన్నెలో అడుగున ఉల్లిగడ్డ చెక్కలు పరిచి, మాంసం తోలు పైకి ఉండేట్టు పెట్టి, కాసిని చింతపండు నీళ్లు పోశాను. మూత పెట్టి మూత మీద నిప్పులు వేశాను. ఇక తొందర పెట్టకూడదు. కింద సెగ సన్నగా ఉండాలి. కొవ్వు కరిగి, ఉల్లిగడ్డ అందులోనే ఉడికి, చివరికి తోలు అప్పడంలాగా పేలుతుంది. మా అమ్మ చేసే పద్ధతి ఇది.

నేను జొన్నరొట్టెలు తడుతుంటే లోపల అత్త ఫోను మోగింది. ఆమె గట్టిగానే మాట్లాడుతుంది కాబట్టి నాకు అంతా వినిపించింది.

"ఎప్పుడయిందిరా గృహప్రవేశం?... అవునా... నాకొక మాట చెప్పలేదే... పిల్లలకే చాలట్లేదా గదులు? సరేలే... కాదురా, నాకేం, నేను బానే ఉన్నా. అమ్మాయి ఉందిగా."

తర్వాత ఫోను పెట్టేసింది. నేను లోపలికి వెళ్లి పలకరించలేకపోయాను. మాంసం దించి, గిన్నెలో తేరిన కొవ్వును డబ్బాలోకి వంపి, ముక్కలు కోస్తున్నాను. అప్పుడు ఆమె గోడ పట్టుకుని వెనక పొయ్యి దగ్గరికి వచ్చింది. ఎన్నడూ కూర్చోని చోట, ఆ బండ మీద కూర్చుంది. చేతిలో కంచం ఉంది.

"నాకూ ఒక ముక్క పెట్టమ్మాయ్."

"నీకు టమాటా పప్పు చేసినా కదత్తా."

"అది రాత్రికి తింటాలే."

"ఇదేందో నీకు తెల్సు కదా?"

"ఇంత వాసన వస్తుంటే తెలీదా?"

"వద్దులే అత్తా. రేపు మీ వాళ్లకు తెలిస్తే ఏమంటారు?"

ఆమె నా వైపు చూడలేదు. "ఎవరికి తెలవాలి? అడిగేవాళ్లెవరున్నారు?" అంది.

నేను పెట్టాను. పెళ్లైన కొత్తలో ఆమె ఒక్కసారి నా చేతి మాంసం తిని బాగుందంటే చాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పుడు ఆమె రొట్టె తుంచి, ముక్క నంజుకుని, మాత్ర మింగినట్టు మింగుతోంది. ఆమె కంచం విసిరికొట్టి నన్ను తిట్టి ఉంటే నా ప్రాణం కుదుటపడేది. తిట్టినన్నాళ్లూ ఆమెకు వెళ్లడానికి ఒక చోటుందని నేను కూడా నమ్మానని అప్పుడే తెలిసింది.

"బాగుందా అత్తా?"

"ఉప్పు సరిపోయింది."

మిగిలిన మాంసాన్ని ఎప్పటిలాగే సర్దాను. సోమవారం పొద్దున చిన్న ముక్కలు ఆ కొవ్వులోనే వేయించి, నానబెట్టిన బొరుగులు కలిపి ఉగ్గాని చేశాను. మర్నాడు ఎముకలు ఉలవలతో ఉడకబెట్టి చారు పెట్టాను. చివరి ముక్కలు సన్నగా చీల్చి వంకాయలో వేశాను. లోపల గ్యాసు మీదే వండాను. ఆమె కిటికీ మూయలేదు. ఏది పెడితే అది తింది, కంచం కడిగి బోర్లించింది. చీరల సంచిలోంచి రోజుకొకటి తీసి ఇంట్లోనే కట్టుకోవడం మొదలుపెట్టింది. పెళ్లిళ్లకు తప్ప కట్టని పట్టంచు చీరతో నీళ్ల బిందె దగ్గర కూర్చుని గిన్నెలు తోముతుంటే నేను చూడలేక పనికి తొందరగా వెళ్లిపోయేదాన్ని.

ఆ వారాంతానికి నా పని కూడా ఆగింది. మళ్లీ పిలిచేదాకా రావద్దన్నారు. ఇంటికి వచ్చి చెబితే, "ఊఁ" అంది అంతే. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

"పా అత్తా, క్యాంపుకు పోదాం. నేను పిల్చుకుపోతా. వాళ్లింటి ముందర కూచుందాం. ఏమంటాడో చూద్దాం నీ తమ్ముడు" అన్నాను.

ఆమె చీరల సంచి వైపు చూసింది. నిజంగానే వస్తుందేమో అనుకున్నాను.

"ఎందుకమ్మాయ్" అంది చివరికి. "అక్కడ బస్సు దిగాక, మళ్లీ వెనక్కి బస్సెక్కాలి కదా."

దీపం పెట్టే వేళయింది. ఆమె లేవలేదు, నేనూ లేవలేదు.