మట్టి కప్పని పాతర

లక్షుంనాయుడు డాక్టరు గారు పరమపదించారన్న వార్త మొన్న అరకు సంతలో విజయనగరం ఉల్లిపాయల వర్తకుడి నోట విన్నాను. నమ్మలేక అతని మీదే విసుక్కున్నాను. పశువుల ఆసుపత్రిలో ఆ మహనీయుడి దగ్గర ఆరేళ్లు కాంపౌండరుగా పనిచేసిన నాకు ఈ నాలుగు మాటలు రాయడం దుర్భరమైన కర్తవ్యం.

ఎండాకాలం కొండ పశువులు ఎముకలగూళ్లయ్యేవి. వానాకాలపు పచ్చిమేతను గోతిలో పాతరేసి వేసవికి నిలవచేయించడమే ఆయన తపస్సు. "కోసీసినా గడ్డి బేగి సావదు. ఊపిరి తీస్తానే ఉంటాది, తనలో తీపి తానే తినీసి ఏడెక్కిపోతాది. గాలాడకుండా తొక్కి మట్టి కప్పీసారనుకో, పులుపు పుట్టించే సూక్ష్మజీవులు దాన్ని కాపాడతాయి" అని ఊరూరా బోధించేవారు.

ఆ మాట నమ్మి, సోమ్ర అనే గిరిజన రైతు తన మొక్కజొన్న చేనంతా పచ్చిగానే కోసి ఇచ్చాడు. ఉన్న రెండెడ్లూ వేసవి దాటితే చాలునన్నదే అతని ఆశ. గొయ్యి నింపి, తొక్కి, మట్టి కప్పబోతుండగా ఊరిపెద్ద పరుగున వచ్చాడు.

"డప్పు మోగీసింది బాబూ. కొండదేవత పండగ. మూడు దినాలు ఎవలూ మట్టి తవ్వకూడదు, కదపకూడదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఊరిపెద్ద వెళ్లాక గుట్టుగా కప్పేద్దామన్నాను. డాక్టరు గారు నా చేతిలోని పార లాక్కున్నారు.

"ఆళ్ల దేవత ముందు ఆళ్లని దోషుల్ని సేత్తావేటి?" అని కసిరారు.

ఆకులు పరిచి వచ్చాం. ఆకులు గాలినేం ఆపుతాయి? నాలుగోనాటికి గొయ్యి పొగలు కక్కింది. మేతంతా బూజుపట్టి కుళ్లింది. సోమ్ర గోతి గట్టున కూలబడ్డాడు.

"తప్పు నాది సోమ్రా. గడ్డి సంగతంతా సెప్పాను గాని, మీ పండగెప్పుడని అడగనేదు" అని ఊరందరి ముందూ ఒప్పుకున్నారు డాక్టరు గారు. పై అధికారి సంజాయిషీ అడిగితే అదే రాశారు. ఆ వేసవంతా సొంత పొలంలోని వరిగడ్డి లారీలో తెప్పించి, ఆ ఎడ్లను బతికించారు.

మరుసటి ఏడు పాతర వేసే రోజును ఊరిపెద్దనే నిర్ణయించమన్నారు. వేసవిలో గొయ్యి తెరిస్తే పుల్లటి కమ్మని వాసన వచ్చింది. ఎడ్లు కాసేపు బెదిరి, తర్వాత తల ఎత్తకుండా తిన్నాయి. ఆయన పసిబిడ్డలా నవ్వారు.

ఆయనంతటి పండితులు మళ్లీ రావచ్చు. చదువులేని రైతు ముందు తలవంచగల అలాంటి ఔన్నత్యం మా కొండలకు మళ్లీ దొరుకుతుందన్న ఆశ నాకు లేదు. ఆ పుణ్యమూర్తికి నా అశ్రుపూరిత నమస్సులు.

నిన్న సోమ్రకు ఈ కబురు చెప్పడానికి వెళ్లాను. అదును దాటిపోతుందని పొలం దున్నుతున్నాడు. విని నాగలి ఆపాడు. తర్వాత ఎడ్ల మెడల మీది కాడి దించేశాడు.

"మా ఇంట మనిసి పోతే దుక్కి ఆపీస్తాం బాబూ" అన్నాడు.