పొద్దున్నే పట్టిన అద్దం

“నూటపది చూపిస్తంది, చూడమ్మా! ముక్కు బిగిసినోళ్లకి ఇంత ఎట్టా వస్తది? కల్లానికి రాకుండా ఎగ్గొట్టే నాటకం ఇదంతా,” అన్నాడు నా కొడుకు, చేతిలోని ప్లాస్టిక్ గొట్టం నా మొహం ముందు ఆడిస్తూ.

“నాటకమేందిరా? సాయంత్రమయ్యేసరికి నీ పెళ్లాం నోరు తెరుచుకుని ఊపిరి పీల్చేది నీ కళ్లకు కనపడదా?”

“నా కళ్లతో పనేముంది, మిషనే చెప్తంటే! అది కూడా నీ కోడలి తరఫునే మాట్లాడాలా ఏంది?”

“ఒరేయ్, డాక్టరు పొద్దున ఒకసారి, పని దిగినాక ఒకసారి చూడమన్నాడు. నువ్వు రాసిందంతా పొద్దుటిదేగా?”

“పొద్దున బాగుంటే బాగున్నట్టే. ఇన్నేళ్లు నువ్వు మిరపకాయలు ఏరలా? నీకేమైంది?”

ఆ మాటతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోడలు గుమ్మంలో తలవంచుకుని నిలబడి ఉంది. తుమ్మితే అది కూడా నాటకమంటాడని కాబోలు, కొంగు అడ్డం పెట్టుకుని తుమ్ము ఆపుకుంటోంది.

నరసరావుపేటలో ముక్కు డాక్టరు వారం రోజులకని ఇచ్చి పంపిన గొట్టం అది. దాని చివరనున్న తొడుగు ముక్కుకు ఆనించి, నోరు మూసుకుని, ముక్కుతో ఒక్కసారిగా గట్టిగా గాలి లోపలికి లాగితే ఎర్ర ముల్లు అంకెల మీద జరుగుతుంది. మూడుసార్లు లాగి, అందులో పెద్ద అంకె రాసుకోవాలి. ముక్కు మూసుకుపోయే కొద్దీ అంకె తగ్గుతుంది. ఆ కాగితం చూసి, మందుతో సరిపోతుందా, మిరపకాయలకు దూరంగా ఉంచాలా అన్నది చెబుతానన్నాడట. పొద్దుటి అంకెలే తీసుకువెళితే ఆయన మాత్రం ఏం చెబుతాడు, బాగానే ఉంది పొమ్మంటాడు.

నాకేమైందో నా కొడుక్కి తెలియదు. నేను కాపురానికి వచ్చిన ఏడాది ఎండాకాలం, రెంటచింతల పక్కన మా కల్లంలో ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య గొంతుక్కూర్చుని రంగు తేలిన తాలు కాయలు ఏరుతుంటే, ముందు ముక్కు కారేది, తర్వాత తుమ్ములు, ఆ తర్వాత రెండు వైపులా బిరడా కొట్టినట్టు బిగుసుకుపోయేది, అన్నంలో పులుసు పోసుకున్నానో మజ్జిగ పోసుకున్నానో కూడా నాలుకకు తెలిసేది కాదు. ఆ సంగతి చెప్పుకుంటే మా అత్తగారు మర్నాడు తెల్లవారకముందే, మామగారు గడ్డం గీసుకునే చేతి అద్దం తెచ్చి, కొంగుతో తుడిచి, నా ముక్కు కింద పట్టేది. రెండు వైపులా ఆవిరి మచ్చలు పడితే గంప చేతికిచ్చేది. ఇరుగుపొరుగు అత్తలు కూడా ఆ అద్దం అడిగి తీసుకెళ్లి తమ కోడళ్లకు పట్టేవారు. రోజూ రెండు మచ్చలూ పడేవి. అద్దం అబద్ధం చెప్పదు కదా, మరి ఒళ్లు బద్ధకం నాకే అనుకుని, మూడో తరగతితో చదువు ఆగిన నేను నా ముక్కునే నమ్మడం మానేశాను.

ఒక మధ్యాహ్నం మంచినీళ్లకు ఇంటికి వచ్చినప్పుడు ఎవరూ లేకుండా చూసి ఆ అద్దం దించాను. ఎండకు వేడెక్కిన అద్దం మీద ఆవిరి నిలవదని కుండనీళ్లలో ముంచి, చల్లబరిచి, పొడిగుడ్డతో తుడిచి పట్టుకున్నాను. ఒక వైపు ఏమీ లేదు. రెండో వైపు చింతగింజంత మచ్చ. నిజం నా చేతిలో ఉంది, అత్తగారిని పిలిచి చూపించాల్సింది. తడిపిన అద్దమంటుందని భయపడి మేకుకు తగిలించేసి మళ్లీ కల్లానికి పోయాను. అందుకు నా మీద నాకు ఈనాటికీ కోపమే. ఈ కోడలు వచ్చిన మొదటి ఏడాది నేను కూడా ‘మేమంతా ఏరలేదా’ అని ఎత్తిపొడిచానే, అందుకు ఇంకా కోపం. అద్దం పట్టలేదు గానీ, నోటితో ఆ పనే చేశాను.

ఇప్పుడు అద్దం పోయింది, ముల్లూ అంకెలూ వచ్చాయి. డాక్టరు బస్సెక్కితే అందే దూరానికి వచ్చాడు, ముక్కు కూడా ఒక జబ్బేనని వినేవాళ్లు వచ్చారు. మా రోజుల్లో ఇదంతా ఎక్కడిది! ఇంత వచ్చినా మా ఇంట్లో కొలిచేది మాత్రం కాయ ముట్టకముందే.

మర్నాడు పొద్దున కొడుకు మళ్లీ కొలిచి నూటఐదు రాశాడు. గొట్టాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టుకుని నేనూ కల్లానికి వెళ్లాను. కోడలు గంటసేపు ఏరింది. లేపి, చేతులు కడిగించి, నీడకు తీసుకువెళ్లి, కొడుకును ఎదురుగా నిలబెట్టి పీల్చమన్నాను. యాభై. వాడు గొట్టం అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ పీల్చమన్నాడు. నలభైఐదు. మూడోసారి యాభై. జేబులోంచి కాగితం తీసి, నూటఐదు పక్కన యాభై అని వాడి చేత్తోనే రాశాడు.

కోడలు ఇంటికి వెళ్లిపోయింది. దాని గంప ముందు నా కొడుకు కూర్చున్నాడు.