47873వ నంబరు తలుపు

మా సర్వర్ మీద హెడ్డాఫీసుకి అనుమానం వచ్చిన ఉదయం నేను ఇడ్లీ తింటున్నాను. ఆ వారంలో నేను స్థిమితంగా తిన్న తిండి అదొక్కటే కాబట్టి గుర్తుండిపోయింది.

అండమాన్‌లో చాతం జెట్టీకి కూతవేటు దూరంలో మా ఆఫీసు. దీవుల మధ్య తిరిగే బోట్లకి టికెట్లు అమ్మే ఒక ప్రైవేటు కంపెనీకి శాఖ అది. ఏ బోటులో ఎన్ని సీట్లున్నాయో, డిగ్లీపూర్ వెళ్లేది నిండిందో లేదో చెప్పే సర్వర్ మా దగ్గరే ఉంది. దాన్ని చూసుకునేది ఇద్దరం. ఒకణ్ణి నేను. రెండో ఆవిడ నాకంటే బాగా పెద్ద, ఆఫీసంతటికీ దీదీ. వాళ్ల తాతగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. దీదీ ఆదివారం తెలుగు చర్చిలో పాటలు పాడిస్తారు, మిగతా రోజుల్లో సర్వర్‌ని తిడతారు. తిట్టే హక్కు ఆవిడకుంది. మొదటి తీగ నుంచి దాన్ని నిలబెట్టింది ఆవిడే.

మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన మెయిల్ సారాంశం ఇది. మీ మిషన్ అస్తమానం 47873వ నంబరు పోర్టుతో మాట్లాడుతోంది. మన ప్రోగ్రాములేవీ ఆ పోర్టు వాడవు. కాబట్టి మిషన్ పరాయివాళ్ల చేతిలో పడింది. శుక్రవారం మీటింగులో దాన్ని ఆపేసి, టికెట్ల పని మెయిన్‌లాండ్ సర్వర్‌కి మార్చే విషయం తేలుస్తారు. దీదీకి ఇష్టమైతే అక్కడే ఉద్యోగం ఇస్తారు. ఇష్టం లేకపోతే ఏమిటన్నది రాయడం మర్చిపోయినట్టున్నారు.

దీదీ మెయిల్ చదివి కళ్లజోడు తీశారు.

"నేనెక్కడికీ జానేవాలీ కాదు భయ్యా. పోతే ఆ వైరస్సే పోవాలి."

ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు. ఆపరేటింగ్ సిస్టమ్ లోపల కెర్నెల్ అని ఒకటుంటుంది. మిషన్‌లోకి వచ్చే ప్రతి ప్యాకెట్టూ (సమాచారపు పొట్లం అనుకోండి), బయటికి పోయే ప్రతి ప్యాకెట్టూ దాని చేతుల మీదుగానే పోవాలి. దాటిన ప్రతిదానికీ ఒక వరుస రాసిపెట్టమని కెర్నెల్‌కి పురమాయించడాన్ని ట్రేసింగ్ అంటారు. హెడ్డాఫీసు మా మిషన్ మీద పెట్టి చూసింది ఆ ట్రేసే. ప్యాకెట్ ఎక్కణ్ణుంచి బయల్దేరింది, ఎక్కడికి పోతోంది, అక్కడ ఏ తలుపు తట్టింది అన్నీ అందులో పడతాయి. ఆ తలుపు నంబరే పోర్టు. గుట్టుగా మాట్లాడుకునే వెబ్‌సైట్లన్నిటికీ 443. మా సర్వర్‌కి పగలంతా పని ఆ తలుపుతోనే.

ముందుగా మా దీవుల ఆచారం ప్రకారం సముద్రపు కేబుల్‌ని తిట్టాం. ఫలితం లేకపోయింది. ఆ తర్వాత వైరస్ కోసం మిషన్ మూలమూలా వెతికాం. దుమ్ము దొరికింది. చివరికి తీగ మీద పోయే ప్యాకెట్లని బయటినుంచి పట్టి చూపించే ఇంకో పనిముట్టు పెట్టాం. అందులో అంతా 443. 47873 మచ్చుకి కూడా లేదు.

ఒకే ప్యాకెట్‌కి ఇద్దరు సాక్షులు, రెండు సాక్ష్యాలు. ఈ సంగతి ఫోన్లో హెడ్డాఫీసు నెట్‌వర్క్ అధికారికి చెప్పాను. ఆయనా తెలుగాయనే, ఓపిగ్గానే విన్నాడు.

"వైరస్ బయటి టూల్స్ కంటపడకుండా దాక్కుంటుంది బాబూ. కెర్నెల్ మాత్రం అబద్ధం చెప్పదు," అన్నాడు.

అనుమానితులం కాబట్టి ఆ సాయంత్రం నుంచి హెడ్డాఫీసు కోడ్ ఉండే సర్వర్‌లోకి మమ్మల్ని రానివ్వడం మానేశారు. దొంగ అన్న తర్వాత ఇంట్లోకి రానివ్వరు కదా, అందులో నాకు ఫిర్యాదు లేదు.

మర్నాడు పొద్దున ముందువెనకలు ఆలోచించి, మనమే కొన్ని తలుపులు తడదాం అన్నాను. దేన్ని తట్టామో మనకి తెలుస్తుంది, కెర్నెల్ ఏం రాస్తుందో చూద్దాం. దీదీ ఒకటో నంబరు చెప్పారు. ఆ పోర్టుకి ఒక ప్యాకెట్ పంపాను. ట్రేస్‌లో 256 అని పడింది. రెండుకి పంపితే 512. మూడుకి 768.

దీదీ స్క్రీన్ మీద వేలు పెట్టి మూడు అంకెలూ చదివారు.

"ఈ వైరస్‌కి రెండువందల యాభై ఆరో ఎక్కం వచ్చు భయ్యా. మా స్కూల్లో సార్‌కి కూడా రాదు."

అప్పుడు నేను 256కి పంపాను. ట్రేస్‌లో 1 అని పడింది. ఎక్కమైతే ఇలా వెనక్కి రాదు.

పోర్టు నంబరు రెండు ముక్కలుగా ప్రయాణం చేస్తుంది: అందులో 256లు ఎన్నున్నాయో చెప్పేది పెద్ద ముక్క, మిగిలింది చిన్న ముక్క. నెట్‌వర్క్ మీద పెద్ద ముక్క ముందు నడవాలని నియమం. మావంటి మిషన్లు తమ లోపల చిన్న ముక్కని ముందు పెట్టుకుంటాయి. అందుకని చదివేముందు ఆ రెంటినీ అటుదిటు చెయ్యాలి. చెయ్యకపోతే ఒకటి కాస్తా 256 అవుతుంది. దీదీ కాలిక్యులేటర్ లాక్కున్నారు. 443లో 256 ఒక్కసారి పోతుంది, మిగిలేది 187. ఒకటీ 187 చోట్లు మార్చుకున్నాయి అనుకుంటే, 187ని 256తో గుణించి ఒకటి కలపాలి.

కాలిక్యులేటర్ మీద 47873 వచ్చింది. మేమిద్దరం దానివంక కొంతసేపు మర్యాదగా చూశాం.

తప్పు ఎక్కడుందో చూపించకపోతే ఇదంతా లెక్కల సరదా కిందే పోతుంది. చూపించాలంటే కెర్నెల్ కోడ్ కావాలి, దాని దగ్గరికి మమ్మల్ని రానివ్వడం లేదు. దీదీ లేచి వెళ్లి బీరువా తెరిచారు.

సముద్రం అడుగున కేబుల్ పడకముందు ఇక్కడ పెద్ద ఫైలు దించుకోవడం కంటే ఓడలో తెప్పించుకోవడం త్వరగా అయ్యేది. మెయిన్‌లాండ్ వెళ్లేవాళ్లకి మందులూ మిక్సీ జార్లతో పాటు ఖాళీ హార్డ్ డిస్క్ కూడా ఇచ్చి పంపేవాళ్లం. కేబుల్ వచ్చాక ఆ అవసరం పోయింది, అలవాటు పోలేదు. హెడ్డాఫీసు పంపిన ప్రతి కెర్నెల్ కోడ్‌నీ దీదీ డిస్కులోకి ఎక్కించి దాస్తారు. ఎందుకు దీదీ ఇదంతా అని నవ్వినవాళ్లలో నేను ముందువరసలోనే ఉండేవాణ్ణి. ఆ పూట నవ్వలేదు.

తప్పున్న ఫైలు మామూలు కెర్నెల్‌ది కాదు, హెడ్డాఫీసు వాళ్లు సొంతంగా చేర్చుకున్నది. అందులో బయల్దేరిన పోర్టు రాసే వరుసలో, ముక్కల్ని అటుదిటు చేసే చిన్న ఫంక్షన్ బుద్ధిగా ఉంది. దాని కిందే చేరే పోర్టు వరుస. అక్కడ లేదు. వరుసలో సగం నిజం కావడంతో రెండో సగాన్ని ఎవరూ అనుమానించలేదు. ఆ ఫంక్షన్ పేరు అక్కడ చేర్చి, ఖాళీగా ఉన్న పాత మిషన్ మీద కొత్త కెర్నెల్ తయారుచేసి ఎక్కించాం. ట్రేస్ పెట్టాం. 443, 443, 443. ఇంత చప్పగా ఉండే అంకెలు అంత అందంగా ఉంటాయని అంతకుముందు తెలీదు.

శుక్రవారం మీటింగు వీడియోలో. అధికారి గంభీరంగా ఉన్నాడు. నేను మా లెక్కంతా వివరించబోతుంటే దీదీ చెయ్యి అడ్డం పెట్టారు.

"సార్, ఒక్క చిన్న రిక్వెస్ట్. ఇదే ట్రేస్ మీ సర్వర్ మీద పెట్టి చూడండి జరా."

"మా సర్వర్‌కేమీ లేదు మేడమ్."

"మాలూమ్ సార్. ఒక్క నిమిషం."

అప్పటిదాకా ఆ ట్రేస్‌ని ఎవరూ మెయిన్‌లాండ్ మిషన్ల మీద పెట్టలేదు. ఎందుకు పెడతారు? అనుమానం దీవుల మీద కదా. ఆయన పెట్టాడు, స్క్రీన్ మా అందరికీ కనబడుతోంది. వరసగా పడటం మొదలైంది. 47873. 47873. 47873. మా దగ్గర కూడా ఎన్నడూ చూడనన్ని.

వీడియో ఆగిపోయిందేమో అనుకున్నాను, మా కేబుల్ అలవాటు కొద్దీ. ఆగలేదు. ఆయన కదలడం మానేశాడు, అంతే.

దీదీ చాలా మెల్లగా అడిగారు.

"మీకూ వైరస్ ఉందన్నమాట సార్. మీదీ ఆపేద్దామా?"

ఎవరో మైకు మూయడం మర్చిపోయి నవ్వారు. ఎవరన్నది నేను చెప్పను, కానీ హెడ్డాఫీసు వైపునుంచే. అధికారి గొంతు సవరించుకుని, మీ దగ్గర ఏమైనా ఆధారం ఉందా అని అడిగాడు. అప్పుడు నా వంతు వచ్చింది. కాలిక్యులేటర్ లెక్క చెప్పాను, డిస్కులోంచి ఆ ఫైలు తెరిచి పక్కపక్కనున్న రెండు వరుసలూ చూపించాను, సరిచేసిన కెర్నెల్ ట్రేస్ చూపించాను. ఆయన చెడ్డవాడు కాదు. రెండు వరుసలూ చదివి, ఆ ఫైలు తానే రాశానని చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఆయన తీసుకున్న వ్యవధిలో చాతం నుంచి ఒక ఫెర్రీ బయల్దేరి ఎదురు ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ చేరిపోవచ్చు.

సాయంత్రానికి మెయిల్ వచ్చింది. "ట్రేసింగ్ అవుట్‌పుట్‌లో స్వల్ప తేడా సవరించబడినది. అండమాన్ సర్వర్ యథాతథంగా కొనసాగును. సిబ్బందిలో మార్పు లేదు." మీ సవరణని అన్ని ఊళ్ల మిషన్లకీ పంపుతున్నామని కింద ఇంకో వాక్యం. క్షమాపణ లేదు. నాకు ఆ మెయిల్‌లో ఏ లోటూ కనిపించలేదు.

దీదీ దాన్ని రెండుసార్లు చదివి, సంచీ భుజాన వేసుకుని జెట్టీ వైపు బయల్దేరారు. ఆ వారమంతా వెళ్లేముందు సర్వర్ గది తలుపు దగ్గర కాసేపు నిలబడేవారు. ఆ రోజు నిలబడలేదు. మెట్ల మీంచే, వెనక్కి తిరక్కుండా అన్నారు:

"సోమవారం జల్దీ రా భయ్యా. డిగ్లీపూర్ టికెట్లు తెరవాలి."