స్వామికి వయసెంత?

మా అక్క పెళ్ళికి తిరుచానూరులో మగపెళ్ళివారికి విడిది కావాలి. విడిదిలో ఒక్క మంచం తక్కువైనా వాళ్ళు మనవళ్ళ కాలం దాకా దెప్పుతారని నాయన భయం. అక్కడి లాడ్జికి వెబ్‌సైటు చేసింది నేనే. తిరుపతిలో ఇంటింటికీ కంప్యూటర్లు రాని రోజులవి, నాకది మొదటి ఉద్యోగం. కూతురు చేసిన దాంట్లోనే గదులు తీసుకోవాలని నాయన ముచ్చటపడి, మా ఆఫీసుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

అంతకు ముందే లాడ్జి ఓనరు నన్ను కడిగి ఆరేశాడు. మా ప్రోగ్రాము బుకింగులో అతిథుల జాబితా ఉందా లేదా అని మాత్రమే చూసేది. లోపలికెళ్ళి ఒక్కొక్కరి వివరాలు చూసేది కాదు. పేర్లు లేని మనుషులకు కూడా గదులిచ్చేసింది. నాకు రోషం వచ్చింది. రెడీమేడ్ తనిఖీలను నమ్మకుండా సొంతంగా ఒక రూలు రాశాను. అది ప్రతి అతిథినీ పేరు, వయసు అడుగుతుంది. ఒక్కటి తప్పినా బుకింగునే తిప్పికొడుతుంది. దాన్ని చూసుకుని తెగ మురిసిపోయాను.

నాయన మొదటి పేరు ఏడుకొండలస్వామి అన్నాడు. మా ఇంట్లో తొలి శుభలేఖయినా, తొలి విస్తరయినా స్వామిదే. ఆ తరువాతే పెళ్ళికొడుకు, వాళ్ళ వాళ్ళు. స్వామి వయసు తప్ప అన్నీ కొట్టి బటన్ నొక్కగానే ఎర్రక్షరాలు వచ్చాయి: మొదటి అతిథి వయసు సరిగా లేదు.

"స్వామికి వయసు అడుగుతుండాదా నీ కంప్యూటరు?"

"ఏదో ఒక అంకె వేద్దాం నాయనా."

"బిడ్డ పెళ్ళికి దేవుని వయసు దొంగలెక్క రాయాల్నా? నా వల్ల కాదు."

"అయితే ఆ పేరు తీసేద్దాం."

ఆయన నన్ను కొరకొరా చూశాడు.

ముహూర్తాల కాలం. మేం వాదించుకుంటుండగానే తెర మీద ఖాళీ గదులు తగ్గిపోతున్నాయి. ఒళ్ళు మండింది. నా ముద్దుల రూలునే మళ్ళీ తెరిచి, స్వామిని మాత్రం వయసు అడగొద్దని ఒక వాక్యం చేర్చాను. గదులు దొరికాయి.

"ఇప్పుడు తెలిసినాది దానికి మర్యాద" అన్నాడు నాయన.

పెళ్ళినాడు చూస్తే, లాడ్జివాళ్ళు జాబితాలో తలలు లెక్కపెట్టి స్వామికీ ఒక మంచం వేసి, దిండు పెట్టి, దుప్పటి మడిచి ఉంచారు. నాకు నవ్వాగలేదు. అంతలో పెళ్ళికొడుకు మేనత్త నగరి నుంచి దిగింది. పెళ్ళికి రానని అలిగిన మనిషి కాబట్టి ఆమెను ఎవరూ లెక్కలో వేయలేదు.

"నాకు యాడ పడక?" అని గుమ్మంలోనే నిలబడింది. మగపెళ్ళివారంతా నాయన మొహం చూశారు.

నాయన ఆమె చేతిలో పెట్టె అందుకుని నేరుగా స్వామి మంచం దగ్గరికి తీసుకెళ్ళాడు.

"మీ కోసరమే వేసి పెట్టినాం వదినా."

ఆమె అలక తీరి, దిండు సర్దుకుని కూర్చుంది. నాయన నా చెవి దగ్గరికి వంగాడు.

"ఈయమ్మను వయసు అడగదు గదా నీ కంప్యూటరు?"